పద్నాలుగు పాయింట్లు, రెండు నిమిషాలు

ఇప్పలగుంపు,
16 ఆగస్టు 2009.

బామ్మర్ది రమణకు,

మేం బాగున్నామని రాస్తే అబద్ధమవుతుంది. అందుకని ఆ మాట వదిలేసి అసలు సంగతికి వస్తున్నాను. ఫోన్ చేద్దామంటే మా ఊళ్ళో సిగ్నల్ లేదు. గుట్ట ఎక్కి చేస్తే నువ్వు క్లాసులో ఉన్నానంటావు.

పోయిన సోమవారం పోడు భూముల హక్కు పత్రాలు ఇచ్చారు. చండ్రుగొండలో షామియానా వేసి, ఒక్కొక్కరినీ పిలిచి, ఫోటో తీసి మరీ ఇచ్చారు. నేను కూడా నవ్వుతూ దిగాను. ఇంటికొచ్చి విప్పి చూస్తే మూడున్నర ఎకరాలకు ఎకరం పది గుంటలు పడింది. అదన్నా మన చేనా అంటే కాదు. పటంలో అది వాగుకు అవతలి ఒడ్డున ఉంది. అవతల ఏముందో నీకు తెలియనిది కాదు, రాళ్ళూ ఇసకా తప్ప గడ్డి కూడా మొలవదు. మా నాయన పోడు కొట్టి, నేను మొద్దులు పీకిన చేనును మాత్రం అడవి అని రాశారు.

సర్వే మనిషి కొలిచే మిషన్ పట్టుకుని వచ్చింది మే ఇరవై ఎనిమిదిన. ఆ రోజు మా ఊళ్ళో భూమి పండుగ. మగవాళ్ళమంతా వేటకు పోయాం. ఆడవాళ్ళు దారికి అడ్డంగా కట్టె పెట్టి, వచ్చేపోయేవాళ్ళ దగ్గర పండుగ మామూలు అడుగుతున్నారు. ఆయన్నీ ఆపారట. ఈ రోజు కొలవకపోతే మళ్ళీ రానని ఆయన అన్నాడట. అందరూ ఊరుకుంటే నీ చెల్లెలు కన్నమ్మ ముందుకు పోయి మన చేను హద్దు చూపించింది. పండుగ తీరి విత్తనం పంచేదాకా చేన్లో కాలు పెట్టకూడదని కోయ పుట్టుక పుట్టిన నీకు నేను చెప్పాలా. ఆమె పెట్టింది. తీరా ఆయన మర్నాడు కూడా వచ్చాడు. పండుగ తీరాక మిగతావాళ్ళ చేలన్నీ కొలిచాడు. వాళ్ళవి గుంట కూడా తేడా రాలేదు. మాది ఒక్కటే పోయింది.

ఇప్పుడు గంగయ్య పెద్ద ఏమంటున్నాడో తెలుసా? "ఆమె కాలు పెట్టిన చేనునే భూమి దాసుకున్నది. ఇంక మిషన్‌ను తిట్టి ఏం లాభం?" అంటున్నాడు. పత్రాలిచ్చిన చోట అడిగితే, "మిషన్ తప్పు చెప్పది. పైన ఉపగ్రహాలున్నయ్, అవి చూసి చెప్తయ్" అన్నారు. తేడా ఉంటే అరవై రోజుల్లో అర్జీ పెట్టుకోవాలట.

నువ్వు ఫిజిక్స్ చెప్పేవాడివి. ఎండాకాలం సెలవుల్లో భద్రాచలంలో ఆ సర్వే లెక్కల డ్యూటీ కూడా చేశానన్నావు. ఆకాశంలో తిరిగే వస్తువుకు నా చేను ఎట్లా కనపడింది, ఎట్లా తప్పింది, నాకు అర్థమయ్యేటట్టు రాయి. అర్జీలో ఏం రాయాలో కూడా చెప్పు.

నీ బావ,
పగిడయ్య.


కల్లూరు,
29 ఆగస్టు 2009.

పగిడయ్య బావకు,

ఉత్తరం అందింది. చదివి చాలా బాధపడ్డాను. ముందు ఒక మాట. ఇందులో చెల్లెలి తప్పు ఏమీ లేదు. కాలు పెడితే చేను కదలదు. ఈ సంగతి గంగయ్య పెద్దకు నా మాటగా చెప్పు.

ఆ మిషన్ ఎట్లా పనిచేస్తుందో చెబుతాను, నిదానంగా చదువు. పైన ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తులో ఉపగ్రహాలు తిరుగుతుంటాయి. వాటికి కళ్ళు లేవు, గడియారాలున్నాయి. "ఇప్పుడు టైం ఇంత" అని అవి కిందికి చెబుతుంటాయి. ఆ మాట మిషన్‌కు అందడానికి ఎంతసేపు పట్టిందో చూసి, ఎంత దూరం నుంచి వచ్చిందో లెక్క కడతారు. అట్లా మూడు నాలుగు ఉపగ్రహాల దూరాలు కలిపితే నువ్వు నిలబడ్డ చోటు తేలుతుంది. అంటే ఆ మిషన్ కొలిచేది నేలను కాదు బావా, టైమును. సెకనులో పది లక్షల్లో ఒక వంతు తప్పినా నేల మీద మూడు వందల మీటర్లు తప్పుతుంది.

ఇక అసలు చిక్కు ఇక్కడుంది. పైన టైము మన టైములా నడవదు. ఆ ఉపగ్రహం గంటకు పద్నాలుగు వేల కిలోమీటర్ల వేగంతో పోతుంది. వేగంగా పోయే గడియారం నిదానిస్తుంది. ఆ లెక్కన రోజుకు అట్లాంటి వంతులు ఏడు వెనకబడుతుంది. మరోపక్క అది భూమికి దూరంగా ఉంది. భూమి ఆకర్షణ తగ్గినకొద్దీ గడియారం తొందరపడుతుంది. అట్లా నలభై అయిదు ముందుకు పోతుంది. రెండూ పోగా రోజుకు ముప్పై ఎనిమిది వంతులు ముందుంటుంది. దాన్ని పట్టించుకోకపోతే నేల మీద రోజుకు పదకొండు కిలోమీటర్ల తేడా. దాని ముందు నీ చేను వాగు దాటడం ఏపాటి?

అర్జీ గురించి తొందరపడకు. అర్జీ పెడితే ఫైలు మళ్ళీ తెరుస్తారు, ఉన్న ఎకరం కూడా ఆపుతారు. ఇట్లాంటి లెక్కలు వాళ్ళు ఎప్పటికప్పుడు సరిచేస్తుంటారు, దానంతటదే సర్దుకుంటుంది. సెలవుల్లో నేను చేసింది పేర్లు టైపు చేయించే పనే. అంతకు మించి నాకు తెలియదు.

రమణ.


ఇప్పలగుంపు,
13 సెప్టెంబరు 2009.

రమణకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి తల తిరిగింది, రెండోసారి కోపం వచ్చింది, మూడోసారి నవ్వొచ్చింది. నాలుగోసారికి కొంచెం ఆశ పుట్టింది. కన్నమ్మ తప్పు కాదు, టైము తప్పు అని తేలితే అంతకంటే నాకు కావలసింది ఏముంది?

గంగయ్య పెద్ద ముందర కూర్చుని చదివి వినిపించాను. అంతా విని ఆయన, "గట్లయితే గుట్ట మీదోళ్ళు మనకంటే జల్దీ ముసలోళ్ళయితరా?" అన్నాడు. అందరూ నవ్వారు. దీనికి జవాబు నువ్వే చెప్పు.

నాకూ అనుమానాలున్నాయి. ఎత్తుకు పోతే టైము తొందరపడుతుందన్నావు. పొద్దంతా మక్కచేను మంచె మీద కూర్చుని చిలకలను తోలుతున్నాను, అక్కడ టైము కదలనే కదలదు. సరే, అది వెటకారం అనుకో. అసలు అనుమానం వేరే. పైకి పోయిన గడియారం తప్పు చూపిస్తుందా, లేక అక్కడ టైమే వేరా? మా ఇంట్లో గోడ గడియారం సెల్ అయిపోతే నిదానిస్తుంది. అంతమాత్రాన పొద్దు నిదానించదు కదా. నువ్వు చెప్పేది గడియారం సంగతా, పొద్దు సంగతా? ఈ ఒక్కటి తేలితే మిగతాది నేను ఊళ్ళోవాళ్ళకు చెప్పుకోగలను. పదో తరగతిలో సైన్సుకు డెబ్భై మార్కులు తెచ్చుకున్నవాణ్ణి, మరీ మొద్దును కాను.

పెద్దలు కూర్చుని కన్నమ్మ చేత భూమి తల్లికి కోడిని మొక్కించారు. తప్పయిందని అందరి ముందూ చెప్పమన్నారు. ఆమె చెప్పింది. ఇంటికొచ్చాక నాతో, "నేను గట్టు మీదనే తిరిగిన. ఆయన మిషన్ పట్టుకుని నా ఎనకనే వచ్చిండు. వాగు దాటలే. కోడిని కోసిన్రు గానీ నన్ను ఒక్కరన్న అడిగిండ్రా?" అంది. నేను నీకు ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

అరవైలో ముప్పై నాలుగు రోజులు పోయాయి. నువ్వు వద్దన్నావని అర్జీ పెట్టలేదు. జల్దీ రాయి.

పగిడయ్య.


కల్లూరు,
27 సెప్టెంబరు 2009.

బావా,

నువ్వు అడిగినంత సూటిగా నా క్లాసులో ఒక్క పిల్లవాడూ అడగలేదు. నిజం చెప్పనా? వరంగల్‌లో ఎమ్మెస్సీ చదివినప్పుడు నేను దీన్ని బట్టీ పట్టి పాసయ్యాను. ఇప్పుడు నీకోసం మళ్ళీ పుస్తకం తీసి నెల రోజులుగా తన్నుకుంటున్నాను. లెక్క వస్తోంది గానీ మనసుకు ఎక్కడం లేదు.

నువ్వడిగినదానికి జవాబు: అది పొద్దు సంగతే. గడియారం పాడవదు. అక్కడ టైమే అంతే.

బస్సులో కూర్చుని బంతిని పైకి విసిరి పట్టుకున్నావనుకో. నీకు అది నిట్టనిలువుగా పోయి వచ్చింది. రోడ్డు మీద నిలబడ్డవాడికి ఏటవాలుగా పోయింది, ఎక్కువ దూరం పోయింది. బంతికి బస్సు వేగం కలుస్తుంది కాబట్టి లెక్క సరిపోతుంది. బంతికి బదులు వెలుతురు అనుకో. వెలుతురుకు ఎవరి వేగమూ కలవదు. నీకూ, రోడ్డు మీదవాడికీ దాని వేగం ఒక్కటే. దూరం పెరిగి వేగం పెరగకపోతే ఇక పెరగాల్సింది టైమే. అందుకే రోడ్డు మీదవాడు చూస్తే బస్సులో టైము నిదానంగా నడుస్తుంది. ఇది ఒప్పుకోవడానికి నాకే వారం పట్టింది.

రెండోది, భూమికి దగ్గరగా ఉంటే టైము నిదానిస్తుందనేది, నాకు ఇప్పటికీ సరిగ్గా అర్థం కాలేదు. కింద నుంచి పైకి పోయే వెలుతురు భూమి లాగుడుకు అలసిపోతుందని, దాన్ని బట్టి కింద టైము నిదానమని తేలుతుందని పుస్తకంలో ఉంది. ఎందుకు అలసిపోతుంది అని అడగకు. గంగయ్య పెద్దతో మాత్రం అవునని చెప్పు. గుట్ట మీదవాళ్ళు నిజంగానే మనకంటే ముందు ముసలివాళ్ళవుతారు, కాకపోతే నూరేళ్ళు బతికినా రెప్పపాటు తేడా కూడా రాదు.

ఇంత సున్నితమైన లెక్క బావా ఇది. చేను చుట్టూ నొక్కిన మీ పద్నాలుగు పాయింట్లలో ఒక్కొక్కటి కాస్త జరిగినా చేను ఎటో పోతుంది. ఓపిక పట్టు. అర్జీ మాత్రం వద్దు. చెల్లెల్ని ఏమీ అనకు.

రమణ.


ఇప్పలగుంపు,
18 అక్టోబరు 2009.

రమణకు,

అరవై రోజులు తొమ్మిదో తారీఖుతో అయిపోయాయి. అర్జీ పెట్టలేదు. చదువుకున్న బామ్మర్ది మాట విన్నాను.

నువ్వు నెల రోజులు తన్నుకుంటే నేను రెండు నెలలు తన్నుకున్నాను. చండ్రుగొండ హైస్కూల్లో సైన్సు సారును పట్టుకుంటే ఆయన ఒక పుస్తకం ఇచ్చాడు. చేను పని వదిలేసి, దున్నేవాడికి టైముతో ఏం పనిరా అని అందరూ నవ్వుతున్నా కూర్చుని చదివాను. నువ్వు రాసినదంతా అందులో ఉంది. నువ్వు రాయనిది కూడా ఒకటుంది. పైకి పంపే ముందే ఆ గడియారాలను ఆ ముప్పై ఎనిమిది వంతులూ నిదానంగా నడిచేటట్టు సరిచేసి పంపుతారట. అంటే ఆ తప్పు అక్కడే తీరిపోయింది. ఆ మాట నాకు ఎందుకు రాయలేదు?

సరే, సరిచేయలేదనే అనుకుందాం. రోజుకు పదకొండు కిలోమీటర్లు తప్పితే, మర్నాడు అదే మిషన్‌తో కొలిచిన గంగయ్య చేను ఎక్కడో కొత్తగూడెం దారిలో పడాలి. మా ఊరి సోమ్లా చేను ఇంకెక్కడో పడాలి. వాళ్ళవి ఉన్నచోటే ఉన్నాయి. పైన టైము నా ఒక్కడికి వేరుగా, వాళ్ళకు వేరుగా నడుస్తుందా? నడవదు. కాబట్టి తప్పు టైముది కాదు.

మిషన్‌దీ కాదు, టైముదీ కాదు. ఇక మిగిలింది ఎవరు? నాలుగు రోజులు ఇదే లెక్క వేసుకున్నాను. హద్దు చూపించినామే మిగిలింది. ఎక్కడో వాగు దాటి చూపించి ఉంటుంది, లేదా గంగయ్య చెప్పిందే నిజమై ఉంటుంది. ఏదైనా కన్నమ్మే. అడిగితే మళ్ళీ అదే మాట, గట్టు మీదనే తిరిగిన అని. నాకు మండింది. "నోటికాడి బువ్వ ఇసకల పోసినవు. ఇంక అబద్ధాలు కూడానా?" అన్నాను. చెయ్యి చేసుకోలేదు, అది చెప్పుకోవాలి. కానీ నా ఇంట్లో ఉండొద్దన్నాను.

పది రోజులైంది, మద్దిగుంపుకు మీ అమ్మ దగ్గరికి పోయింది. రెండు చీరలు సంచిలో పెట్టుకుని, పొయ్యి ఆర్పి, మేకకు ఆకు వేసి పోయింది. నేను ఆపలేదు.

పగిడయ్య.


కల్లూరు,
1 నవంబరు 2009.

బావా,

దీపావళి సెలవులకు మద్దిగుంపు పోయాను. చెల్లెల్ని చూశాను. అన్నం పెట్టింది, నీళ్ళిచ్చింది. అమ్మ మాత్రం ఆమెను చూసినప్పుడల్లా కళ్ళు తుడుచుకుంటోంది.

ఆమెను అట్లా పంపడం నీకు తగదు. ఆమె తప్పు చేయలేదని మొదటి ఉత్తరంలోనే రాశాను. నువ్వు నా మాట నమ్మాల్సింది.

నవంబరు ఆఖరుకు నా ప్రొబేషన్ పూర్తయినట్టు ఆర్డరు రావాలి. ఆ తర్వాత నేనే వచ్చి నీ చేను సంగతి చూస్తాను. అప్పటిదాకా ఏ ఆఫీసుకూ పోకు. ఇంతకంటే ఇప్పుడు రాయలేను.

రమణ.


ఇప్పలగుంపు,
13 డిసెంబరు 2009.

రమణకు,

నీ పోయిన ఉత్తరం చాలా చిన్నది. కాకపోతే పెద్దవాటికంటే అదే ఎక్కువ చెప్పింది. నా చేనుకూ నీ ప్రొబేషన్‌కూ ఏం సంబంధం అని మక్కలు ఒలుస్తూ ఆలోచించాను. పాత ఉత్తరాలన్నీ తీసి వరసగా చదివాను. సెప్టెంబరు ఉత్తరంలో "మీ పద్నాలుగు పాయింట్లు" అని రాశావు. పద్నాలుగని నీకు ఎవరు చెప్పారు? నేను చెప్పలేదు. నాకే తెలియదు. మాకిచ్చిన పత్రంలో ఆ అంకె లేదు.

నవంబరు ఆఖర్న భద్రాచలం పోయాను. సర్వే కాగితాలున్న ఆఫీసులో మూడు రోజులు మెట్ల మీద కూర్చున్నాను. మూడో రోజు ధన్‌సింగ్ అనే క్లర్కుకు జాలేసింది. "ఏందన్నా, రోజూ వచ్చి కూసుంటున్నవ్?" అని అడిగాడు. చెప్పాను. ఫైలు తీసి బల్ల మీద పరిచాడు. మిషన్‌లో నొక్కిన ప్రతి పాయింటుకూ టైము పడుతుందట. అది నువ్వు నాకు చెప్పలేదు. ఇంత టైము గురించి రాసినవాడివి ఈ చిన్న టైము సంగతి ఎట్లా మరిచిపోయావు?

గంగయ్య చేను షీటు చూశాను. మొదటి పాయింటుకూ ఆఖరు పాయింటుకూ మధ్య ముప్పై అయిదు నిమిషాలు. సోమ్లాది నలభై. మనిషి నడిచి, నిలబడి, నొక్కి, మళ్ళీ నడిస్తే అంతే పడుతుంది. నా షీటులో పద్నాలుగు పాయింట్లున్నాయి. మొదటిది సాయంత్రం అయిదు నలభై ఒకటికి. పద్నాలుగోది అయిదు నలభై మూడుకు. తారీఖు మే ముప్పై. కన్నమ్మ తిరిగింది ఇరవై ఎనిమిదిన, పొద్దున.

రెండు నిమిషాల్లో నీ చెల్లెలు మూడున్నర ఎకరాలు చుట్టి వచ్చిందన్నమాట. అంత వేగంగా పోయినామెకు నీ లెక్క ప్రకారం టైము నిదానించాలి, వయసు ఆగాలి. ఈ నాలుగు నెలల్లో ఆమె తల సగం నెరిసిందని మద్దిగుంపు నుంచి వచ్చినవాళ్ళు చెబుతున్నారు.

షీటు కింద "సరిచూసినవారు" అని ఉన్నచోట సంతకం ఉంది. ఆ సంతకం నా పెళ్ళి పత్రిక వెనక చదివింపుల పద్దులోనూ ఉంది. ఇది పేర్లు టైపు చేయించే పని అన్నావు.

దొంగకు తేలు కుట్టినట్టు ఇన్నాళ్ళూ ఊరుకున్నావు. నేను ఇప్పుడు తిట్టడం లేదు. ఒక్క వాక్యం అడుగుతున్నాను. "ఈ పాయింట్లు సర్వేలో తీసినవి కావు, నేను ఆఫీసులో పెట్టాను" అని రాసి సంతకం చేసి పంపు. తప్పు ఆఫీసు లోపలిదని రుజువుంటే గడువు దాటినా తీసుకుంటారట. జనవరి పదిలోగా కావాలి. ఉద్యమం బంద్‌ల వల్ల బస్సులు సరిగ్గా లేవు, కాబట్టి ముందే పంపు.

పగిడయ్య.


కల్లూరు,
3 జనవరి 2010.

బావా,

మూడు ఉత్తరాలు రాసి చించాను. ఇది నాలుగోది.

మే ముప్పై, సాయంత్రం. ఆరు గంటలకల్లా జాబితా పైకి పోవాలి. మిషన్లలోంచి కంప్యూటర్‌లోకి లెక్కలు దించుతున్నాం. నీ పేరు దగ్గర ఏమీ లేదు, ఖాళీ. చెల్లెలు చూపించిన హద్దంతా ఆ మనిషి తిరిగాడు, నొక్కాడు, కానీ బ్యాటరీ అయిపోయి ఒక్కటీ నిలవలేదట. ఆయన అప్పటికే వేరే మండలం పోయాడు. ఖాళీగా పంపితే నీ దరఖాస్తు కొట్టేస్తారు. అది నా చెల్లెలి చేను. ఖాళీగా ఎట్లా పంపను? ఎక్కడుందో నాకు తెలుసు కదా అనుకున్నాను. మిషన్ తీసుకుని, కుర్చీలో కూర్చునే దాని తెర మీది పటంలో పద్నాలుగు చోట్ల నొక్కాను. నిజంగా రెండు నిమిషాలే పట్టింది.

నేను ఆ చేనుకు ఎప్పుడూ పైదారిన వచ్చేవాణ్ణి. నాకు వాగు కుడిచేతి వైపు, చేను ఎడమచేతి వైపు గుర్తు. పటంలో ఉత్తరం పైకి ఉంటుందని, నేను వచ్చే దారి ఉత్తరం నుంచి కిందికని ఆ కంగారులో తట్టలేదు. ఎడమ అంటే ఎడమ అనుకుని వాగుకు ఎడమ పక్కన పెట్టాను. ఆ పక్క పాత అడవి హద్దు ఉంది కాబట్టి ఎకరం పది గుంటలే మిగిలింది. నీకు మేలు చేద్దామనే చేశాను. ఇది నువ్వు నమ్మాలి.

నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజే నాకు తెలిసిపోయింది. కొలవకుండా లెక్కలు పెట్టినవాడికి మెమో ఇస్తారు. ప్రొబేషన్‌లో మెమో అంటే ఇంటికే. ఆర్డరు వచ్చాక చెబుదామనుకున్నాను. ఇప్పుడు ఈ గొడవల్లో అది మార్చికి పోయింది. ఆ ఒక్క వాక్యం నేను రాయలేను బావా. పదిహేడేళ్ళు చదివి తెచ్చుకున్న ఉద్యోగం. మన గూడేల్లో ఫిజిక్స్ లెక్చరర్ అయినవాణ్ణి నేనొక్కణ్ణే.

గడియారాల గురించి నేను రాసినదాంట్లో ఒక్క అబద్ధం కూడా లేదు. కావాలంటే మళ్ళీ చూసుకో. అన్నీ నిజాలే రాశాను.

చెల్లెల్ని ఇంటికి తెచ్చుకో. ఈ ఉత్తరం చదివి పొయ్యిలో వేయి.

రమణ.


ఇప్పలగుంపు,
24 జనవరి 2010.

రమణకు,

నీ ఉత్తరం పన్నెండో తారీఖున చేరింది. పదో తారీఖు దాటిపోయింది. ముందే చేరినా అందులో నేనడిగిన వాక్యం లేదు కాబట్టి తేడా ఏమీ లేదు.

మొన్న అడవి శాఖ వాళ్ళు మన చేను చుట్టూ కందకం తీశారు. లోపల గుంతలు కొడుతున్నారు, వానాకాలం జామాయిలు పెడతారట. ఆ గుంతలు కొట్టే కూలికి మా ఊరి వాళ్ళనే పిలిచారు. నన్ను కూడా పిలిచారు. పోలేదు. నేను పోకపోతే ఆగే పని కాదు అది, ఇప్పటికి సగం అయింది.

నువ్వు చెప్పినట్టు ఉత్తరం పొయ్యిలో వేయలేదు. మద్దిగుంపు తీసుకుపోయాను. కన్నమ్మ వాకిట్లో నూనె కోసం ఇప్పపలుకులు దంచుతోంది. మీ అమ్మ పక్కనే ఉంది. ఇద్దరి ముందూ మొదటి అక్షరం నుంచి చదివాను. ఎడమ, కుడి, రెండు నిమిషాలు, అన్నీ చదివాను. మీ అమ్మ మధ్యలోనే లేచి ఇంట్లోకి పోయింది. కన్నమ్మ రోకలి పక్కన పెట్టి ఆఖరుదాకా విన్నది.

అయ్యాక నేను, "నీ తప్పు లేదని తేలింది, ఇంటికి పోదాం పా" అన్నాను. ఇట్లా అనగానే లేచి వస్తుందనుకున్నాను. నిజంగానే అనుకున్నాను రమణా.

ఆమె నన్ను చూసి, "ఎప్పుడు తేలింది?" అని అడిగింది.

షీటు మీద టైము చూసినప్పుడు అన్నాను.

"నేను ఎప్పుడు చెప్పిన?" అంది.

జవాబు కూడా ఆమే చెప్పింది. "మే నెలల చెప్పిన. కోడిని కోసిన నాడు చెప్పిన. పొమ్మన్న నాడు చెప్పిన. ఆకాశంల గడియారం సంగతి ఎవలో రాస్తే రెండు నెలలు కూసోని సదివినవు. గట్టు మీదనే తిరిగిన అని నేనంటే రెండు నిమిషాలు కూసోని ఇనలే. మా అన్న భయపడి దాసిండు. నువ్వు దేనికి భయపడ్డవు?"

ఈ ప్రశ్నకు నాకు ఏ పుస్తకంలోనూ జవాబు దొరకదు. నువ్వు వేగం సంగతి చెప్పావు, భూమి లాగుడు సంగతి చెప్పావు, నేనూ పంతానికి పోయి అర్థం చేసుకున్నాను. అర్థమైన కొద్దీ తెలివైనవాణ్ణని నాకే గర్వం వచ్చింది. ఆ తెలివితోనే లెక్క వేసి ఆమెను గెంటాను. నువ్వు నిజాలు రాసి మోసం చేశావు, నేను నిజాలు చదివి మోసపోయాను. ఆమెకు మాత్రం ఇద్దరమూ ఒక్కటే.

ఉత్తరం నా చేతిలోంచి తీసుకుంది. ఆఫీసులో ఇస్తే నీ సంగతి తేలిపోతుందని, పదో తారీఖు దాటినా చేను మీద ఇంకా కొట్లాడొచ్చని చెప్పాను. ధన్‌సింగ్ కూడా ఆ మాటే అన్నాడు. ఆమె దాన్ని మడిచి మీ అమ్మ చేతికిచ్చింది. "కొడుకు జీతం పోతే నిన్ను ఎవలు సాకుతరు? నువ్వే దాసుకో" అంది. మీ అమ్మ ఏడుస్తూ దాన్ని బియ్యం డబ్బాలో పెట్టింది. కాబట్టి నీ ఉద్యోగానికి భయం లేదు, నిశ్చింతగా పాఠాలు చెప్పుకో.

నీకు ఒక కబురు పంపింది, అది చేర్చడానికే ఈ ఉత్తరం. సెలవులకు అమ్మను చూడాలనిపిస్తే అమ్మనే కల్లూరు పిలిపించుకోవాలట. తను ఉన్నన్నాళ్ళూ మద్దిగుంపు గడప తొక్కొద్దంది.

నన్ను కూడా తొక్కొద్దంది.

పగిడయ్య.